గోడ మీద చొక్కా ముక్క

క్రిస్మస్ మర్నాడు పెన్సిల్వేనియా కొండల్లో గొట్టంలో మందూ గుండూ దట్టించి, చెకుముకి రాయి నిప్పుతో పేల్చే పాతకాలపు తుపాకుల వేట మొదలవుతుంది. మామూలు తుపాకుల వాళ్లు అప్పటికే వేట ముగించి ఇళ్లలో పొయ్యి ముందు కాళ్లు చాపుకుని ఉంటారు. రాయి రాజుకుంటుందో లేదో తెలియకుండా, మంచులో వణుకుతూ జింక కోసం కాచుకునే పిచ్చివాళ్లు కొందరే మిగులుతారు. ఎల్వుడ్ హెప్లర్ జన్మంతా ఆ పిచ్చివాళ్లకు పెద్దదిక్కు.

ఈ ఏడు ఆయన చేతికి తుపాకీ ఇవ్వొద్దని డాక్టరు చెప్పాడు. డాక్టరు చెప్పాలా! తండ్రి తనను చచ్చిపోయిన తల్లి పేరుతో పిలవడం మొదలుపెట్టినప్పుడే కూతురు కార్లాకు సంగతి అర్థమైంది. అదైనా ఓర్చుకుంది. కానీ ఆకులు రాలే రోజుల్లో పెరట్లో గురి చూసుకుంటూ, పోసిన తుపాకీ మందు మీదే ఆయన మళ్లీ మందు పోయబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపకపోతే గొట్టం ఆయన మొహం మీదే పగిలేది.

"ఈ ఒక్కసారి తీసుకెళ్లవే. ఆ తరవాత నువ్వేం చెబితే అదే," అన్నాడు ఆయన. ఎవర్నీ ఏదీ అడిగి ఎరగని మనిషి. ఆమె కాదనలేకపోయింది. ఒప్పుకున్నాక గుండెల్లో రాయి పడింది. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. తండ్రి చేతిలో తుపాకీ ఉంటుంది, అందులో గుండూ ఉంటుంది, మందు మాత్రం ఉండదు.

వేట రోజు పొద్దున వేటగాళ్ల గుడిసెలో ఆయన తమ్ముడు క్లైడ్, పక్కింటి నార్మన్ అప్పటికే బక్‌వీట్ పిండి అట్లు లాగిస్తున్నారు. పొయ్యి పైన గోడకు పాత చొక్కా ముక్కలు మేకులతో కొట్టి ఉన్నాయి. గురి తప్పినా, మందు మరిచి ఉత్త గుండు దట్టించినా ఆ మనిషి చొక్కా అంచు కత్తిరించి, పేరు రాసి గోడకు కొట్టడం అక్కడి కట్టుబాటు. నార్మన్ ముక్కలన్నీ కలిపి కుడితే దుప్పటి అవుతుంది. ఎల్వుడ్‌ది ఒక్కటీ లేదు.

"నాన్నా, ఈ పొట్టి తుపాకీ తీసుకో. తేలిగ్గా ఉంటుంది, పొదల్లో తగులుకోదు," అంది కార్లా.

"అది క్లైడ్‌ది. వాడి బుర్రలాగే అది కూడా ఎప్పుడు వెలుగుతుందో చెప్పలేం."

"నేనిక్కడే ఉన్నాను అన్నయ్యా."

"ఉన్నావనే అన్నాను."

ఆమె పొట్టిదాన్ని చూపించింది బరువు చూసి కాదు. దాని దట్టించే కర్రకు గీత లేదు. తండ్రి సొంత తుపాకీ కర్రకు ఆయనే చాకుతో గీత పెట్టుకున్నాడు. మందూ గుండూ సరిగ్గా పడితే గీత గొట్టం అంచుకు వచ్చి ఆగుతుంది. మందు లేకపోతే లోపలికి దిగిపోతుంది. ఎంత బతిమాలినా ఆయన తన పొడుగు తుపాకీనే దించుకున్నాడు.

"చలికి నీ వేళ్లు వణుకుతున్నాయి, నేను దట్టిస్తాను," అని ఆమె దాన్ని వసారాలోకి తీసుకెళ్లింది. గదికి వీపు పెట్టి, కొలిచిన మందును మందు నిలవుంచే కొమ్ములోకే తిరిగి వంచేసింది. కొవ్వు రాసిన గుడ్డలో సీసం గుండు పెట్టి కర్రతో కిందికి దిగ్గొట్టింది. ఇలా దట్టించడం నేర్పింది ఆయనే. ఆ చేతులతోనే ఆయన్ని మోసం చేస్తున్నందుకు ఏడుపొచ్చింది. తుపాకీ ఇచ్చి చేతితొడుగుల కోసం లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి తండ్రి కర్రను గొట్టం కింద దాని చోటులోకి తోస్తున్నాడు.

"ఏమైంది నాన్నా?"

"ఏమవుతుంది? పద, పొద్దెక్కుతోంది."

హెమ్లాక్ చెట్ల కింద ఇద్దరూ ఒకే దుంగ మీద కూర్చున్నారు. తుపాకీ చెవి దగ్గరి చిన్న గిన్నెలో ఆయనే చిటికెడు మందు పోసుకున్నాడు. పైమందు ఒక్కటే అంటుకుంటే బుస్సుమనడం తప్ప ఏమీ కాదని ఆమె ధైర్యం. మధ్యాహ్నం దాటాక ఆడజింక ఒకటి మంచులో మూతి తోసుకుంటూ ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయన తుపాకీ ఎత్తాడు. పొద్దున కాఫీ కప్పు పట్టుకోలేని చేతులు ఇప్పుడు ఇసుమంతైనా కదల్లేదు. ఆయన చాలాసేపు అలాగే చూసి తుపాకీ దించేశాడు. జింక దాని దారిన అది పోయింది.

"కొట్టలేదేం?"

"బతకనీలే పాపం."

దట్టించిన తుపాకీని గుడిసెలోకి తేకూడదు. చీకటి పడేముందు వెనకనున్న మట్టిగట్టులోకి కాల్చి రావాలి. దారిలోనే గుండు లాగేద్దామని కార్లా అనుకుంది. "నా తుపాకీ నేను మోసుకోలేనా?" అని ఆయన ముందు నడిచాడు. గట్టు దగ్గర క్లైడ్, నార్మన్ ఉన్నారు. ఆమె అడుగు వెయ్యబోయేలోపే ఆయన మీట నొక్కేశాడు. గిన్నెలో మందు బుస్సుమంది. అంతే.

నార్మన్ కర్ర దింపి చూశాడు. గీత కనిపించలేదు. "ఉత్త గుండు! ఎల్వుడ్ హెప్లర్ ఉత్త గుండు దట్టించాడ్రోయ్! చచ్చేలోపు చూస్తాననుకోలేదు!"

"అది నాన్న కాదు..." అంటూ కార్లా ముందుకొచ్చింది.

ఆయన ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "నేనే. మందు మర్చిపోయాను. అందరికీ అయ్యేదేగా. కత్తెర తియ్యండి."

వాళ్లు కేకలు వేసుకుంటూ లోపలికి పోయారు. వసారాలో ఆమె నిలబడిపోయింది. "నాన్నా, మందు పొయ్యనిది నేను."

"తెలుసే. పొద్దున్నే కర్ర దింపి చూశాగా."

"మరెందుకు వచ్చావు?"

"తీసుకెళ్తానన్నావుగా." మీసాల మీది మంచు తుడుచుకున్నాడు. "మందు మర్చిపోయాడంటే వాళ్లు నవ్వుతారు. కూతురు మందు దాచిపెట్టిందంటే జాలిపడతారు. ఆ జాలి చూపులు నేను పడలేను. నోరెత్తకు."

కత్తెర పట్టాల్సింది అందరిలోకి చిన్నవాళ్లు. అంటే ఆమే. తండ్రి వీపు తిప్పి నిలబడ్డాడు. నార్మన్ వేళాకోళం చేస్తున్నాడు. క్లైడ్ మాత్రం నవ్వడం మానేసి అన్నవైపు చూస్తున్నాడు. ఒకప్పుడు తల్లి ఇస్త్రీ చేసిపెట్టిన పాత గళ్ల చొక్కా అది. చూపు మసకేసి ఆమె వంకరగా కత్తిరించింది. పేరు రాసి మేకు కొట్టింది.

మర్నాడు పొద్దున ఆమె లేచేసరికి ఆయన పొయ్యి ముందు నిలబడి గోడ చూస్తున్నాడు. చేత్తో వెనక చొక్కా అంచు తడుముకుంటున్నాడు.

"ఇది నా పేరే కదే? నేను మందు మర్చిపోయానా? నాకేం గుర్తు లేదే!" ఆ గొంతులో భయం ఆమె ఎన్నడూ విననిది.

కార్లా దగ్గరికెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. "లేదు నాన్నా. నువ్వు మర్చిపోలేదు. దట్టించింది నేను. నా తప్పు నీ మీద వేసుకున్నావు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. భుజాలు నెమ్మదిగా దిగాయి. క్లైడ్ పడుకున్న మంచం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"అయితే వాడికి చెప్పకు. మందు మర్చిపోయావని వెక్కిరించి ఈ జన్మలో నిన్ను బతకనివ్వడు."