ఎదురుకాళ్ల డాక్టరు

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అలా పుట్టినవాడు కాలితో తంతే పట్టేసిన నడుము వదులుతుందని మా చొప్పదండిలో నమ్మకం. చిన్నప్పుడు నేను పళ్లు తోముకునేలోపే ఎవరో ఒకరు వచ్చి మా అరుగు మీద బోర్లా పడుకునేవారు. ఆ గోల పడలేకే వెన్నెముక వైద్యం చదివాను. తొంభైలలో కరీంనగర్‌లో దవాఖాన తెరిచాను.

ఒకరోజు మా ఊరి మంత్రసాని భూమవ్వ నడుము పట్టుకుని వచ్చింది. ఆపరేషన్ చేయించుకోకపోతే మంచాన పడతావని ఎవరో అన్నారట, ఆ దిగులుతో మనిషి సగమైపోయింది. బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు లేపి చూశాను, పాదాల్లో స్పర్శ చూశాను, ఎక్స్‌రే తీయించాను.

"ఎముకలు మంచిగున్నయి అవ్వా. నరాలు గూడ మంచిగున్నయి. కండ పట్టేసింది, గంతే. ఆపరేషన్ అక్కర్లే."

"నిజంగనా బిడ్డా?" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎన్నాళ్ల నుంచో బిగబట్టిన ఊపిరి వదిలింది. ఆ వెంటనే బల్ల మీద బోర్లా తిరిగింది.

"ఇగ తన్ను."

నాకు ఒళ్లు మండింది. "గిందుకేనా నేను గన్నేండ్లు చదివింది? లే అవ్వా! మందులు రాసిస్త."

"మందులు గూడ ఏసుకుంట, తియ్యి. నీ కాళ్లు వట్టి బయటికి గుంజింది నేనే. నువ్వు ఏడుస్తలేవని నిన్ను గన్న మీ అవ్వ పరేషాన్ అయితుంటే, నీ వీపు మీద ఒక్కటిచ్చిన. గప్పుడు నేను గిట్ల నీల్గిన్నా?"

బూటు విప్పాను.