తులౌ అంటూ వంగి నడిచినది

మార్చి పద్నాలుగు, గురువారం. ఆ రోజు మకెరీటా ఇంటినుంచి ఆఫీసుకి పెద్ద గిన్నెడు కోకో అన్నం వండి తెచ్చింది. కొబ్బరిపాలు పోసి, నారింజాకు వేసి చిక్కగా ఉడికించిన అన్నం. ఇయకోపో రెండుసార్లు వడ్డించుకున్నాడు. భార్య పోయాక అతని ఇంట్లో అలాంటిది వండినవాళ్ళు లేరు. "తిను తమ్ముడూ, ఇవాళ నీ పుట్టినరోజు," అంటూ ఆవిడే మూడోసారి గరిటె పట్టుకొచ్చింది. ఆ తీపి గుర్తొస్తే ఇప్పటికీ అతని తల వంగిపోతుంది.

సమోవా రాజధాని ఆపియా వెనక కొండవాలున ఉన్న ఆ సంస్థలో అందరికీ కలిపి ఒకటే సర్వర్. వరద పటాలు గీసేవాళ్ళు, వాన లెక్కలు కట్టేవాళ్ళు, పాత టేపుల్లోని పెద్దల గొంతులు శుభ్రం చేసే మకెరీటా, అందరి పనీ దాని మీదే. దాని బాగోగులు ఇయకోపోవి. అప్పుడప్పుడు ఎవరిదో ఒక ప్రోగ్రాముకి పిచ్చి పట్టేది. పని అయిపోయినా ఆగకుండా తిరిగిన చోటే తిరుగుతూ సర్వర్ శక్తినంతా మింగేసేది. మిగతావాళ్ళ తెరలు బిగుసుకుపోయేవి. పటాల గదిలోంచి పెనీనా కేకేసేది.

"ఇయకోపో! నీ సర్వర్ మళ్ళీ కునుకు తీస్తోంది. లేపుతావా, నన్ను జోల పాడమంటావా?"

అతను పరుగెత్తి, ఆ పిచ్చిదాన్ని వెతికి ఆపేవాడు. పరుగెత్తి పరుగెత్తి విసుగొచ్చి, తనకు బదులు కాపలా కాయడానికి స్క్రిప్టు అనే ఒక చిన్న ప్రోగ్రాము రాశాడు. అది ఐదు నిమిషాలకోసారి లేచి ఎవరు ఎంత మింగుతున్నారో చూస్తుంది. వరసగా రెండుసార్లు తొంభై శాతం దాటి మింగుతూ కనిపించినదాన్ని చంపేస్తుంది.

చంపడంలోనూ తేడాలున్నాయి. పదిహేను అనే సంకేతం పంపితే 'ఇక చాలు, సర్దుకొని లే' అని చెప్పినట్టు. ప్రోగ్రాము అంతవరకూ చేసిన పనిని భద్రంగా దాచుకొని వెళ్ళిపోతుంది. తొమ్మిది పంపితే మెడపట్టి బయటికి గెంటినట్టే. ఒకసారి పటాలవాళ్ళ ప్రోగ్రాము పదిహేనును చెవిన పెట్టలేదు. ఆ కోపంలో ఇయకోపో నేరుగా తొమ్మిదే రాశాడు. డైరెక్టరు గారి వాన లెక్కల్ని మాత్రం ముట్టుకోవద్దని, ఎవరూ అడక్కుండానే ఒక వరస చేర్చాడు. చంపిన సంగతి సొంతదారుకి కబురు పెట్టే భాగం మాత్రం తర్వాత చూద్దాంలే అని వదిలేశాడు.

అందరూ పని ముగించే వేళ దాన్ని మొదట పరీక్షగా నడిపినప్పుడు పట్టికలో పైన ఒక పేరు కనిపించింది. తులౌ. శక్తి వాడకం తొంభై ఎనిమిది శాతం. పదిమంది వాడుకునే ఖాతాలోంచి నడుస్తోంది. కూర్చున్న పెద్దల ముందునుంచి పోవలసి వస్తే నడుం వంచి, చెయ్యి నేలకు దించి 'తులౌ' అంటూ దాటడం సమోవాలో మాటలు సరిగా రాని పసివాడు కూడా నేర్చుకునే మర్యాద. అలాంటి పేరు పెట్టుకొని అందరి నెత్తినా ఎక్కి కూర్చుందే అని ఇయకోపోకి నవ్వొచ్చింది. ఎవరో కుర్రాడి వెటకారం అనుకున్నాడు. ఎవరిదని అడగలేదు. స్క్రిప్టు దాన్ని గెంటేసింది. పట్టిక పైవరస ఖాళీ అయింది. పెనీనా చప్పట్లు కొట్టింది. మర్నాడే ఆ కోకో అన్నం.

వారం తిరక్కుండా మకెరీటా మొహం వాడిపోయింది. ఆవిడ ముప్పై ఏళ్ళు బడిపంతులమ్మ. ఉద్యోగం ముగిశాక పట్టుబట్టి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. టేపులోని బుసబుస శబ్దాన్ని పొరలుపొరలుగా వలిచి, వెనకున్న గొంతును బయటికి తీయడం ఆవిడ పని. ఒక్కో టేపుకి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పుడు ఆవిడ చేతిలో ఉన్నది అపెలు అనే ముసలాయన చెల్లెలు సులియా గొంతు. సులియా పోయి చాలా కాలమైంది. ముసలాయన సవాయి దీవినుంచి కంటి వైద్యానికి వచ్చి ఆపియాలో మేనకోడలి ఇంట్లో ఉన్నాడు. శుక్రవారం ఓడకి తిరుగు ప్రయాణం. ఈలోగా చెల్లెలి పాట వినిపిస్తానని మకెరీటా మాటిచ్చింది.

"రోజూ సాయంత్రం నడుస్తూనే ఉంటుంది తమ్ముడూ. పొద్దున వచ్చి చూస్తే చచ్చి పడుంటుంది. సర్వర్‌కి ఏమైనా అయిందా?"

"సర్వర్ రాయిలా ఉందక్కా. నీ ప్రోగ్రాములోనే ఎక్కడో లోపం ఉంటుంది. తొందరపడి రాస్తే ఇలాగే ఔతుంది. మొదట్నుంచీ ఓసారి చదువుకో."

"చదువుతాలే. ఊళ్ళో పిల్లలందరి తప్పులూ దిద్దినదాన్ని, నా తప్పు నాకు దొరక్కపోతుందా?"

ఆవిడ చదివింది. రోజంతా కళ్ళద్దాలు తుడుచుకుంటూ, తన రాతలో లేని తప్పు కోసం వెతికింది.

మరుసటి గురువారం పొద్దున అందరూ డైరెక్టరు గారి సమావేశానికి వెళ్ళారు. మకెరీటా వెళ్ళలేదు. ఇయకోపోని చెయ్యి పట్టుకొని తన బల్ల దగ్గర కూర్చోబెట్టింది. "ఇప్పుడు మొదలుపెడతాను. నా పక్కనే ఉండి చూడు. సాయంత్రం అపెలు వస్తాడు. ఆయనకి ఏం చెప్పను?"

ఆవిడ మీట నొక్కింది. ఇయకోపో తెర మీద పట్టిక తెరిచాడు. పైవరసలో తులౌ అన్న పేరు లేచి నిలబడింది.

"ఇది నీదా అక్కా?"

"నాదే. పేరు బాగుందా? మనది పెద్ద పని కదా, పటాలవాళ్ళకి అడ్డం రాకూడదని వంగి నడవమని చెప్పాను. వాళ్ళు ఉన్నంతసేపూ తప్పుకుంటుంది. ఎవరూ లేనప్పుడే కాళ్ళు చాపుకుంటుంది."

ఇయకోపో ఆ వరసలో అంతకుముందు చూడని గడిలోకి చూశాడు. ఆ గడి పేరు నైస్. అందులో ఎంత పెద్ద అంకె ఉంటే ఆ ప్రోగ్రాము అంత వెనక నిలబడతానని మాటిచ్చినట్టు. అక్కడ పందొమ్మిది ఉంది. అంతకన్నా వెనక్కి వెళ్ళడానికి చోటు లేదు. గదులన్నీ ఖాళీగా ఉన్నాయి, సర్వర్‌తో ఎవరికీ పని లేదు, అందుకే తులౌ తొంభై ఎనిమిది మింగుతోంది. పెనీనా వచ్చి ఒక్క మీట నొక్కితే చాలు, తప్పుకొని దారి ఇస్తుంది. అతని స్క్రిప్టు మింగిన లెక్కే చూసింది గాని, వంగిన నడుం చూడలేదు.

కాసేపటికి తెర మీద ఒకే ఒక మాట పడింది. చంపబడింది.

"చూశావా?" అంది మకెరీటా. "ఏం చేస్తున్నానో ఏమో."

చెప్పాల్సిన క్షణం అదే. ఇయకోపో నోరు తెరిచాడు. "చూస్తానక్కా" అన్న మాట తప్ప ఇంకోటి రాలేదు. లేచి తన గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. మధ్యాహ్నం పెనీనా వేయించిన చేపముక్కలు పంచుతూ, "ఏంటి కాపలాదారూ, నీ భటుడు ఇవాళ ఎంతమందిని తన్నాడు?" అంది. అతను ముక్క అందుకొని పక్కన పెట్టేశాడు. అతని మొహం చూసి పెనీనా పళ్ళెం బల్ల చివర పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం అపెలు వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా, ఒక కంటికి కట్టు. మకెరీటా ఎదురెళ్ళి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. ఇయకోపో నడవాలోనే నిలబడిపోయాడు.

"నన్ను మన్నించాలి పెద్దాయనా. పాట సిద్ధం కాలేదు. తప్పు నాదే. ఈ వయసులో ఈ పని నాకు చేతకావడం లేదు. ఇంక మానేస్తానని రేపు డైరెక్టరు గారికి చెప్పేస్తాను. మీ టేపు మీరు తీసుకెళ్ళండి. నాకంటే తెలిసినవాళ్ళకి ఇవ్వండి."

అపెలు టేపు అందుకోవడానికి చెయ్యి చాపాడు.

ఇయకోపో ఆ ఇద్దరి మధ్యనుంచి వెళ్ళి వాళ్ళ ముందు నేల మీద కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు అలవాటుగా నడుం వంగింది. నోట 'తులౌ' అన్న మాట అలవాటుగానే రాబోయింది. గొంతులోనే చచ్చిపోయింది.

"ఆవిడ తప్పు లేదు తాతా. రోజూ రాత్రి ఆ పనిని చంపింది నేను. నేను రాసిన స్క్రిప్టు. పొద్దున్నే తెలిసింది నాకు. తెలిసి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు."

జరిగింది వరసగా చెప్పాడు. డైరెక్టరు గారి పేరు ఎవరూ అడక్కుండా చేర్చిన సంగతి కూడా దాచలేదు. తల ఎత్తలేదు.

అపెలే ముందు మాట్లాడాడు. "చాపేదిరా?" పెద్ద తప్పు చేసినవాళ్ళు మన్నించమని వేడుకుంటూ గుమ్మం ముందు నెత్తిన కప్పుకొని కూర్చునే నేత చాప గురించి ఆయన అడిగింది. "ఒట్టి నెత్తితో వచ్చేశావా?"

నవ్వాలో ఏడవాలో ఇయకోపోకి తెలియలేదు.

మకెరీటా నవ్వలేదు. "తొందరపడి రాస్తే ఇలాగే ఔతుందన్నావు," అంది మెల్లగా. "వారం రోజులు, తమ్ముడూ. నా బుద్ధి మందగించిందనుకున్నాను. మా అమ్మకి చివర్లో అలాగే అయింది. నాకూ మొదలైందని భయపడ్డాను."

ఇంత చేసినా 'తమ్ముడూ' అన్న పిలుపు ఆవిడ నోట మిగిలే ఉంది. దాన్ని పట్టుకొనే అక్కడ కూర్చోగలిగాడు.

"పాట పోయిందా?" అన్నాడు అపెలు.

"లేదు తాతా. టేపు బాగానే ఉంది. మళ్ళీ మొదలుపెట్టాలి, అంతే. ఆదివారానికి ఐపోతుంది."

"ఐతే సోమవారం ఓడకి పోతాను. మా మేనకోడలు తిట్టుకుంటూనే అన్నం పెడుతుంది." ముసలాయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. టేపు మకెరీటా ఒళ్ళోనే ఉండిపోయింది.

ఆయన వెళ్ళాక ఇద్దరూ స్క్రిప్టు ముందు కూర్చున్నారు. వరసలు అతను రాస్తుంటే ఆవిడ పక్కన కూర్చొని దిద్దింది.

"ముందు నైస్ గడి చూడమను. వంగి నడిచేదాని జోలికి పోవద్దను. నిజంగా పిచ్చి పట్టినదైతే మొదట పదిహేను. ఆ తర్వాత ఆగమను."

"ఎంతసేపు ఆగాలక్కా?"

"ముసలాడు చెప్పులు తొడుక్కునేంతసేపు. అప్పటికీ లేవకపోతే నీ తొమ్మిది. ఎవరిదో వాళ్ళకి వెంటనే కబురు వెళ్ళాలి. డైరెక్టరు గారి వరస కొట్టెయ్."

"ఆయన అడిగితే?"

"నేను కొట్టేయించానని చెప్పు. ఆయన మూడో తరగతి నా దగ్గరే చదివాడు."

అతను ఆ వరస కొట్టేశాడు. మకెరీటా తులౌని మళ్ళీ మొదలుపెట్టింది. పటాల గదిలో దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. పెనీనా చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. సర్వర్ ఖాళీ అయ్యేకొద్దీ తులౌ లెక్క మెల్లగా పైకి లేచి తొంభై ఎనిమిది దగ్గర నిలిచింది. స్క్రిప్టు లేచింది, చూసింది, ఊరుకుంది. రెండోసారి లేచింది. అప్పుడూ ఊరుకుంది. ఇయకోపో మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"పద," అంది మకెరీటా. "నువ్వు దాని మొహంలోకి అలా చూస్తూ కూర్చుంటే అది పనెలా చేస్తుంది?"

అతను లేచాడు. ఏదో అనబోయాడు. ఆవిడ వద్దన్నట్టు తల ఊపింది. అతను నడవాలోకి రాగానే దీపం ఆర్పి, వెనకే వచ్చి, చప్పుడు కాకుండా తలుపు చేరవేసింది.