స్లావ్కో చెయ్యి

మోయిరా హాలోరన్ పిల్లలకి బొమ్మలు నేర్పే గదికీ, నేను వడ్రంగం నేర్పే షెడ్డుకీ మధ్య ఒకటే తలుపు. దాన్ని ఏనాడూ మూసింది లేదు. ఆవిడ ప్లాస్టర్ పొడి వచ్చి నా బల్లల మీద వాలేది, నా రంపప్పొట్టు వెళ్ళి ఆవిడ తడి రంగుల మీద వాలేది. "డెస్, నీ పొట్టు మళ్ళీ నా సముద్రంలో పడిందయ్యా!" అని అరిచేది. "ఇసుక అనుకో" అనేవాణ్ణి. మా పోర్ట్ డెరెల్ బడిలో మేమిద్దరం అలాగే ముసలివాళ్ళమవుతూ వచ్చాం.

పుస్తకంలో ఉన్న పాఠం ఉన్నట్టు చెప్పడం ఆవిడకి చేతకాదు. ఒక ఏడాది రేవులో పారేసిన చిరుగు వలలన్నీ మోయించుకొచ్చి పిల్లలచేత తిమింగలం కట్టించింది. దాన్ని జెట్టీ మీద వేలాడదీస్తే గాలికి ఊడి కౌన్సిలర్‌గారి కారు మీద పడింది. ఇంకో ఏడాది, "కళ్ళు మూసుకుని మీ వంటిల్లు గుర్తు తెచ్చుకోండి, తెరిచి గీయండి" అంది. ఒక పిల్లాడు పిండి డబ్బా వెనక నాన్న దాచుకున్న సీసాతో సహా గీసేశాడు. వాళ్ళమ్మ ఆ బొమ్మని ఫ్రేము కట్టించి వంటింట్లోనే పెట్టిందట.

చేతుల పని మొదలెట్టింది ఆ తర్వాతే.

పదో తరగతి పిల్లలు ఒక్కొక్కరూ ఇంట్లోంచి పెద్దవాళ్ళలో ఒకర్ని తీసుకురావాలి. ఇద్దరూ చేతులు పట్టుకుని బకెట్‌లో ముంచాలి. బకెట్ నిండా పళ్ళ డాక్టర్లు పంటి అచ్చు తీసే పొడి, నీళ్ళు కలిపిన ముద్ద. గట్టిపడేదాకా కదలకూడదు. తర్వాత చేతులు మెల్లగా లాక్కుంటే లోపల వాటి ఆకారంలో ఖాళీ మిగులుతుంది. అందులో ప్లాస్టర్ పోస్తే గోళ్ళు, గీతలు, పాత గాట్లు అన్నీ తేలతాయి.

"పదిహేనేళ్ళ పిల్లలు అమ్మానాన్నల చేతులు పట్టుకోవడమా? అందరి ముందూనా?" అన్నాను.

"అందుకే చేయిస్తున్నాను. తర్వాత పట్టుకుందామన్నా పట్టుకోరు" అంది.

మా ఊరి సగం ఇళ్ళు రొయ్యల పడవల మీదే బతుకుతాయి. వెన్నెల రాత్రుల్లో రొయ్య ఇసుకలో దూరి కూచుంటుంది కాబట్టి పున్నమి వారం పడవలన్నీ రేవులోనే ఉంటాయి. మోయిరా ఆ వారమే పెట్టుకుంది, నాన్నలు దొరుకుతారని.

ఆ తరగతిలో తిహానా అనే అమ్మాయి వాళ్ళమ్మని తెస్తానంది. వాళ్ళమ్మ నెవెంకాకి రొయ్యల ఫ్యాక్టరీలో షిఫ్టు మారడంతో నాన్న వచ్చాడు. స్లావ్కో బారిచెవిచ్. మనిషి తలుపంత ఉంటాడు. హవాయి చెప్పులు, గళ్ళ చొక్కా, డీజిలు వాసన. వస్తూనే నా షెడ్డులోకి తొంగిచూసి, "ఏం డెస్సూ, ఇంకా వంకర కుర్చీలే చేయిస్తున్నావా?" అని పలకరించాడు.

తరగతిలో కర్టిస్ అనే అల్లరివాడు ఉన్నాడు. వాడు ఊరుకుంటాడా? "తిహానా, వచ్చింది మీ నాన్నేనా, రొయ్యల బుట్టా?" అన్నాడు.

"రెండూ వచ్చాయిరా అబ్బాయ్," అన్నాడు స్లావ్కో. ఎడమచేతి చిటికెన వేలు చూపించాడు. పై కణుపు లేదు, ఎప్పుడో తాడు చుట్టే మరలో పోయింది. "ఈ ముక్క మాత్రం రాలేదు. రొయ్యలు తినేశాయి. ఆ రొయ్యల్ని మీరు తిన్నారు."

పిల్లలందరూ పగలబడి నవ్వారు. స్లావ్కో మొహం వెలిగిపోయింది. తిహానా నేల చూపులు చూస్తోంది.

ఇద్దరూ చేతులు కలిపి బకెట్‌లో పెట్టారు. "అబ్బ, మా అమ్మ కాచే మొక్కజొన్న జావలా ఉందే" అన్నాడు. ఉండబట్టలేక మళ్ళీ నోరు తెరిచాడు. "దీని చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో మిస్. బళ్ళో వేసినరోజు ఆ గేటు దగ్గర పట్టుకుంది, వదిలితే ఒట్టు. ఒకటే ఏడుపు. చెడ్డీ కూడా తడిపేసుకుంది."

ఇంక చూడండి, గది దద్దరిల్లిపోయింది. కర్టిస్ బల్ల మీద దరువు వేశాడు. తిహానా చెంపలు ఎర్రబడ్డాయి. ఒక్క విదిలింపుతో చెయ్యి బయటికి లాగేసుకుంది. ముద్ద కారుతున్న చేత్తోనే తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

"తిహానా! ఇంకొక్క నిమిషం, అమ్మాయ్!" అని మోయిరా పిలిచింది. వెనక్కి చూడలేదు.

స్లావ్కో అలాగే వంగి ఉండిపోయాడు, చెయ్యి బకెట్‌లోనే. "అంతా నా నోరే మిస్. మా ఆవిడ ఎప్పుడూ అంటుంది, నీ నోటికి గేలం వెయ్యాలని. తీసెయ్యనా?"

"ఉంచండి. మీ చెయ్యయినా వస్తుంది."

"ఒంటి చెయ్యి ఏం చేసుకుంటారు?"

"చూద్దాం. పొడి వృథా చెయ్యడం నాకిష్టం లేదు."

కదలకుండా నిలబడ్డాడు. కూతురి చెయ్యి ఉన్న చోట ఆ ముద్ద కూరుకుపోయి పూడుకుపోయింది. వెళ్తూ వెళ్తూ, "వచ్చే పున్నమికి దాన్ని బతిమాలి తెస్తాను. ఈసారి నోటికి టేపు వేసుకొస్తాను" అన్నాడు.

మోయిరా ప్లాస్టర్ పోసింది. మర్నాడు అచ్చు ఒలిస్తే చెయ్యి బయటపడింది. అరచేతి కాయలు, పొట్టి చిటికెన వేలు, అన్నీ ఉన్నాయి. వేళ్ళు మాత్రం దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి, లోపల ఏమీ లేదు. అరమీద జంట చేతుల వరుసలో దాన్నీ పెట్టింది.

చీకటి రాత్రులు మొదలవగానే పడవలు వెళ్ళాయి. స్లావ్కో పడవ వల సముద్రం అడుగున దేనికో చిక్కుకుందట. విడిపించబోతుంటే పడవ ఒక పక్కకి వాలిపోయింది. పనికుర్రాళ్ళిద్దర్నీ పక్క పడవవాళ్ళు నీళ్ళలోంచి లాగారు. "ఆయనే మమ్మల్ని బయటికి తోశాడు" అని వాళ్ళు చెప్పారు. స్లావ్కో కనపడలేదు.

పొద్దున లెక్కల క్లాసు మధ్యలో హెడ్మాస్టరు వచ్చి తిహానాని పిలుచుకెళ్ళాడు. సంచీ అక్కడే వదిలేసి వెళ్ళింది. మోయిరా కిటికీలోంచి చూస్తూ, చేతిలో కుంచె తిరగేసి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

విమానాలు తిరిగాయి, ఊళ్ళో ఉన్న ప్రతి పడవా వెళ్ళింది. ఒక బూటు దొరికింది, రొయ్యల తొట్లు కొన్ని తేలాయి. అంతే. కొన్నాళ్ళకి వెతకడం మానేశామని పోలీసులు ఇంటికొచ్చి చెప్పి వెళ్ళారు.

ఆ వారమే నెవెంకా బడికి వచ్చింది. ఫ్యాక్టరీ తెల్ల గౌనుతోనే వచ్చింది. పిల్లలు భోజనాలకి వెళ్ళి ఉన్నారు. నేను తలుపు ఇవతల ఉన్నాను.

"మిస్, స్లావ్కో చెయ్యి మీ దగ్గరుందని కర్టిస్ వాళ్ళమ్మ చెప్పింది."

మోయిరా దాన్ని అరమీంచి దించి బల్ల మీద పెట్టింది. నెవెంకా ముందు పొట్టి వేలు తడిమింది. తర్వాత కూచుని, దాని మీద చెంప ఆనించింది.

"ఇది నాకిచ్చెయ్యండి మిస్. మా అత్తగారు ఖాళీ పెట్టె పూడ్చడానికి ఒప్పుకోవడం లేదు. పొద్దున్నుంచీ గుమ్మంలో కూచుని, వాడిదేదైనా తెండి, వాడిదేదైనా తెండి అంటోంది. బూటు ఎలా పూడుస్తాం? చెయ్యంటే మనిషే కదా."

"అది నాది."

తిహానా. ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. బడికి మళ్ళీ వస్తోందే గానీ ఎవరితోనూ మాట్లాడటం లేదు.

"నా ప్రాజెక్టు అది. నాది. భూమిలో పెట్టనివ్వను."

"నీదైతే నీ చెయ్యేదే ఇందులో?" అంది తల్లి. తప్పు పట్టాలని అనలేదు. నిజంగానే అప్పుడే గమనించింది. చుట్టూ అరల మీద జంటలు జంటలుగా ఉన్న చేతుల వంక చూసి, మళ్ళీ దీన్ని చూసింది.

మోయిరా గబుక్కున అందుకుంది. "నాదే పొరపాటు నెవెంకా. నీళ్ళెక్కువయ్యాయి. ముద్ద సరిగ్గా గట్టిపడలేదు. అమ్మాయి తప్పేం లేదు."

తిహానా ఆవిడ వంక చూసింది. ఆ అబద్ధాన్ని తీసుకుంటుందనే అనుకున్నాను. తీసుకుంటే బాగుండేది.

"కాదమ్మా. నేనే తీసేసుకున్నాను. నాన్న జోకులేస్తుంటే అందరూ నవ్వారు. సిగ్గేసింది. లాక్కుని వెళ్ళిపోయాను."

నెవెంకా ఆ ప్లాస్టర్ చేతిని బల్ల మీద మెల్లగా పక్కకి జరిపింది.

"ఆ రోజు ఇంటికొచ్చి మీ నాన్న నాతో ఏమన్నాడో తెలుసా? 'నాదే తప్పు నెవెంకా, దురదేసి మధ్యలో చెయ్యి కదిపాను, పాపం పిల్ల పని పాడుచేశాను, దాన్నేమీ అడక్కు' అన్నాడు. నేను తిట్టాను. ఒక్క పనీ సరిగ్గా చెయ్యవు కదా అని, పడవెక్కేదాకా తిడుతూనే ఉన్నాను."

తిహానా నిలబడ్డచోటే నేల మీద కూలబడింది. ఏడుపు రాలేదు. నోరు తెరుచుకుని ఊపిరి అందనట్టు చూస్తోంది. మోయిరా పరిగెత్తుకెళ్ళి పట్టుకుంది. నెవెంకా కుర్చీలోంచి లేవలేదు. లేచి కూతురి దగ్గరికి వెళ్తుందేమోనని చూశాను. లేవలేదు.

మర్నాడు మోయిరా నన్ను అడిగింది, "రబ్బరు పోసి దీనికి ఇంకో అచ్చు తీస్తాను డెస్. రబ్బరు పోయడానికి చెక్క పెట్టె చేసిపెట్టు. ఒకటి వాళ్ళు పూడ్చుకుంటారు, ఒకటి పిల్ల దగ్గరుంటుంది." పెట్టె చేశాను. అవసరం రాలేదు. సాయంత్రం తిహానా వచ్చి, "రెండోది వద్దు మిస్. నాన్నకి రెండు ఎడమచేతులుండవు. అమ్మనే తీసుకోమనండి" అంది.

కాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ముడుచుకున్న వేళ్ళ మధ్యకి తన చెయ్యి దూర్చాలని చూసింది. పట్టలేదు. చెయ్యి తిప్పి చూసింది, కింది నుంచి చూసింది. రెండు వేళ్ళ కొసలు మాత్రం వెళ్ళాయి.

"మిస్టర్ డెస్, ఆకురాయితో లోపల కొంచెం అరగదీస్తారా? కొంచెమే."

ఆకురాయి తీసుకున్నాను. ప్లాస్టర్ మీద పెట్టాను కూడా. చెయ్యి ఆడలేదు.

"వద్దులెండి. వద్దు," అంది తనే కంగారుగా. "నాన్న వేళ్ళు సన్నబడిపోతాయి."

అంత్యక్రియలవాళ్ళు చిన్న పెట్టె చాలన్నారు. నెవెంకా ఒప్పుకోలేదు. "ఆయన చిన్నవాడు కాదు" అంది. నిలువెత్తు పెట్టే తెప్పించింది. లోపల దొర్లి చప్పుడు చేస్తుందని ఆ చేతిని ఆయన చొక్కాలతో, ఉన్ని టోపీలతో, మడతపెట్టిన వలతో కదలకుండా సర్దారు. పడవలవాళ్ళు ఆరుగురు భుజాల మీద మోశారు. బరువులెత్తి బతికిన మనుషులు. ఆ పెట్టె తేలిగ్గా ఉండేసరికి వాళ్ళకి నడక కుదరలేదు. చర్చి మెట్ల దగ్గర ఒకతను తూలాడు. స్లావ్కో తల్లి మాత్రం గోతిలో దించేటప్పుడు పెట్టె మీద అరచెయ్యి పెట్టి, వాళ్ళ సొంతదేశపు భాషలో ఏదో చెప్పి, తృప్తిగానే తలూపింది. తిహానా, నెవెంకా చెరో పక్కన నిలబడ్డారు.

మిగతా పిల్లల చేతుల్ని లైబ్రరీలో పెట్టి ఊరందర్నీ పిలవాలని మోయిరా అనుకుంది. అది జరగలేదు. తల్లిదండ్రులే ఒక్కొక్కరూ వచ్చి, తువ్వాళ్ళలో చుట్టుకుని, ఎవరూ చూడకుండా పట్టుకుపోయారు. కర్టిస్ తనది తీసుకోలేదు. రెండు వారాలు మోయిరా గది బయట తచ్చాడి, ఒకరోజు లోపలికొచ్చి, "మిస్, నేను దరువు వెయ్యకపోతే ఉండేదా తను?" అని అడిగాడు. ఆవిడ వాణ్ణి కూచోబెట్టి టీ ఇచ్చింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు.

ఏడాది చివర తిహానా చదువు మానేసి వాళ్ళమ్మ పనిచేసే ఫ్యాక్టరీలోనే చేరింది. మోయిరా వద్దని చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళింది. వచ్చాక నా షెడ్డులోనే కూచుంది, కోటు కూడా విప్పకుండా.

"పిల్ల ఏమంది?"

"ఏమీ అనలేదు. కాఫీ ఇచ్చింది, నవ్వింది, పనికి టైమైందని వెళ్ళిపోయింది. తల్లే గేటుదాకా వచ్చింది." కోటు మీద పడిన రంపప్పొట్టు దులుపుకుంది. "ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా నిలబడి రొయ్యలు ఒలుస్తారట డెస్. ఇంటికొచ్చాక ఒకే సోఫాలో కూచుంటారట. స్లావ్కో పేరు మాత్రం ఇద్దరి నోటా రాదట."

"కాలం పడుతుంది" అన్నాను.

"నెవెంకా గేటు పట్టుకుని నన్ను అడిగింది. 'ఆయన చివరిదాకా దాచిపెట్టిన మాట, నేనొక్క నిమిషం ఆపుకోలేకపోయాను మిస్. ఆయన పిల్లని కాపాడి వెళ్ళాడు. నేను దాని ముందే బయటపెట్టాను. ఇప్పుడు ఆ మాటని వెనక్కి తీసుకోవడానికి మీ చదువులో ఏమైనా దారుందా?' అంది."

"నువ్వేమన్నావు?"

"లేదన్నాను," అంది మోయిరా. లేచి తన గదిలోకి వెళ్ళి, మా మధ్య తలుపు మెల్లగా దగ్గరికి వేసుకుంది. అవతల ఆవిడ ఏడవడం నాకు వినిపిస్తూనే ఉంది.