లోపల ఒక్కరే

"అమ్మా, కాల్‌లో ఉన్నా. కాసేపు మిక్సీ వెయ్యకు," అన్నాడు సృజన్ గదిలోంచి తల బయటపెట్టి. చెప్పి తలుపు మూసుకున్నాడు.

బాలామణి మిక్సీ మీంచి చెయ్యి తీసేసింది. మినప్పప్పు నానింది. నానితే నానింది, ఆగాలి.

కొడుకు జర్మనీలో, జిండెల్ఫింగెన్‌ అనే ఊళ్ళో కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. అక్కడికి అరగంట దూరంలో ఒక పల్లెలో ఇల్లు కొన్నాడు. గృహప్రవేశానికని బాలామణీ, మొగుడూ ఇండియా నుంచి వచ్చారు. వచ్చిన నెలలోనే కరోనా. విమానాలు ఆగాయి. మళ్ళీ తిరిగాక కూడా, మన దగ్గర కేసులు చూసి కొడుకు పంపలేదు.

కొడుక్కి ఒక గది, కోడలు మనోజ్ఞకి ఒక గది. ఇద్దరి ఉద్యోగాలూ ఇంట్లోంచే. భర్త విశ్వనాథానికి హాలు, టీవీ. బాలామణికి వంటిల్లు. ఓపెన్ కిచెన్ అన్నారు. అంటే తలుపు లేనిదని వచ్చాక తెలిసింది. ఎవరు ఎటునుంచి పిలిచినా ఆమెకే వినపడుతుంది. టీ, మంచినీళ్ళు, చార్జరు, కళ్ళజోడు. కాపురానికి వచ్చిన కొత్తలో మధ్యాహ్నం కాసేపు గది తలుపు వేసుకుంటే అత్తగారు తోసుకుని వచ్చింది. "ఆడదానికి తలుపెందుకే? ఏం దాచుకోవాలని?" అంది. ఏం దాచుకోవాలో బాలామణికీ తెలియదు. ఆ తర్వాత తలుపు వేసుకోలేదు.

వంటింటి కిటికీలోంచి వీధికి అవతల చిన్న రాతి గది కనపడుతుంది. పొగగొట్టం ఉంది. శనివారం పొగ వస్తుంది. ఆడవాళ్ళు చెక్కపలకల మీద పిండిముద్దలు పెట్టి, గుడ్డ కప్పి తెస్తారు. ఒకావిడ లోపలికి వెళ్తే మిగతావాళ్ళు మాస్కులు పెట్టుకుని చలిలో బయటే నిలబడతారు. ఎందుకు? గిన్నెలు తోముతూ రెండు వారాలు చూసింది. ఆగలేక కోడల్ని అడిగింది.

"బాక్‌హౌస్ అత్తయ్యా అది. ఊరందరికీ కలిపి ఒకటే రొట్టెల పొయ్యి. వంతులేసుకుని కాల్చుకుంటారు. మనకీ వంతు ఇస్తామన్నారు, ఎవరికి తీరుతుంది?"

"మరి అందరూ లోపలికి పోరేం?"

"కరోనా రూల్. లోపల ఒక్కరే ఉండాలి."

"ఒక్కరేనా?"

"ఒక్కరే. ఇంట్లోవాళ్ళయినా సరే, బయటే."

ఆ మాట బాలామణిని పట్టుకుంది. కూర తరుగుతున్నా అదే. తను ఒక్కతే ఉన్న గది ఎప్పుడైనా ఉందా అని వెతుక్కుంది. పుట్టింట్లో చెల్లెళ్ళు, అత్తింట్లో అత్త, ఆడపడుచులు, పిల్లలు. స్నానాల గదిలో ఉన్నా "ఏమే, పాలు పొంగుతున్నాయి" అని కేక. ఆమె తలలో ఎప్పుడూ ఇంకొకళ్ళ పనే తిరుగుతుంటుంది. ఉప్పు వేశానా, మాత్ర ఇచ్చానా, బట్టలు తీశానా. అది ఆగిపోతే లోపల ఏముంటుంది? ఎవరూ పిలవకపోతే తను ఏం ఆలోచిస్తుంది? నిజంగానే తెలియదు. చూడాలనిపించింది, పక్కవాళ్ళ ఇంట్లోకి తొంగిచూడాలనిపించినట్టు.

"నాకో వంతు అడిగిపెట్టమ్మా," అంది.

విశ్వనాథం పగలబడి నవ్వాడు. "ముట్టుకుంటే వెలిగే పొయ్యి ఇంట్లో పెట్టుకుని, కట్టెల పొయ్యికి పోతుందిట! పల్లెటూరి బుద్ధి పోనిచ్చావు కాదే!"

"దిబ్బరొట్టె నిప్పుల మీద బాగుంటుందండీ," అంది. అది అబద్ధం కాదు. మొత్తం నిజమూ కాదు.

శనివారం రుబ్బిన పిండి, ఇనుప మూకుడు పట్టుకుని వెళ్ళింది. తాళంచెవి చూసుకునే ముసలావిడ ఫ్రావ్ కెల్లర్ తలుపు తీసి, తను బయటే ఉండిపోయింది. బాలామణి పొయ్యిలో చితుకులు మండించింది. నిప్పులు కణకణలాడగానే మూకుడు వాటి మధ్యే పెట్టి, పైన మూత, మూత మీద ఇంకా నిప్పులు. ఇంటి దగ్గర అలవాటు. ఫ్రావ్ కెల్లర్ కిటికీ అద్దం మీద టకటకా కొట్టింది. నిప్పులు బయటికి లాగెయ్యమని, తడిగుడ్డతో లోపల తుడవమని, ఆ తర్వాతే పెట్టాలని చేతులతో చూపించింది. ఇక్కడ కాల్చేది నిప్పు కాదు, వేడెక్కిన రాయి. తెలిసేసరికి రొట్టె అడుగు బొగ్గయింది. ఫ్రావ్ కెల్లర్ నవ్వింది. బాలామణీ నవ్వి, నిప్పులు లాగేసి, లోపల తుడిచి, మూకుడు గోకి, మళ్ళీ పిండి పోసి, రాతి మీద పెట్టి కూర్చుంది.

ఇక చేసేదేం లేదు. మొదట ఉప్పు గుర్తొచ్చింది. తర్వాత మొగుడి మాత్ర. తర్వాత ఏమీ రాలేదు. కొంచెం భయమేసింది. ఆ ఖాళీలోకి నెమ్మదిగా ఒక ప్రశ్న వచ్చింది: ఈ రాయి ఎంతసేపు వేడిగా ఉంటుంది? ఎంత అక్కరలేని ప్రశ్న! ఎవరికీ పనికిరాదు. ఎవరూ అడగలేదు. అచ్చంగా తనది. ముద్దొచ్చింది. పొయ్యి బయటి రాతి మీద చెయ్యి ఆనించి కూర్చుంది.

"ఏమే! నా బీపీ మాత్రలెక్కడ పెట్టావ్?" బయట విశ్వనాథం గొంతు.

తలుపు తోయబోయాడు. ఫ్రావ్ కెల్లర్ చెయ్యి అడ్డం పెట్టి, "నైన్! నైన్!" అంది, వాళ్ళ భాషలో కుదరదని. ఒక్క వేలు చూపించింది.

"నా పెళ్ళాం అండీ!" అన్నాడు ఆయన తెలుగులో. ఆవిడ వేలు దించలేదు.

బాలామణి కిటికీ దగ్గరికి వచ్చింది. "ఇంట్లోనే ఉన్నాయి. వెతుక్కోండి," అంది. రొట్టె దించుకుని ఇంటికి వెళ్ళేసరికి ఆయన మాత్ర వేసుకుని ఉన్నాడు.

అప్పటినుంచి వంతు వచ్చిన శనివారమల్లా వెళ్ళింది. ఏం ఆలోచించావని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

మరుసటి ఏడు ఎండలు వచ్చాయి, కేసులు తగ్గాయి. "అత్తయ్యా, రూల్ తీసేశార్ట!" అంది మనోజ్ఞ సంతోషంగా. "ఇక ఎంతమందైనా వెళ్ళొచ్చు."

"అయితే నేనూ వస్తా," అన్నాడు విశ్వనాథం చెప్పుల కోసం చూస్తూ. "ఒక్కదానివే ఎంతకని కూర్చుంటావ్? నాకో కుర్చీ వేయించు, ఫ్లాస్కులో టీ పొయ్యి."

బాలామణి పిండిగిన్నె మీద గుడ్డ కప్పింది.

"మీరు రావద్దండీ."

"అదేంటే! రూలు తీసేశారుగా?"

"వాళ్ళది తీసేశారు," అంది. "ఇది నాది."