గాలి బిగబట్టిన బండి

డ్వెయిన్ మామయ్య కొత్త బండి ఎక్కాలంటే ఇర్మా అమ్మమ్మకు నిచ్చెన కావాలి. ఆ మాట అమ్మమ్మే అంది, మామయ్య మొహం మీదే అంది.

“బండి బాగుందిరా, కాదన్లేదు. కానీ దాన్లోకి నన్ను ఎక్కించాలంటే గడ్డిమోపు ఎత్తినట్టు ట్రాక్టరు పెట్టి ఎత్తాలి.”

“ఎత్తుతాలే పెద్దమ్మా. నా ట్రాక్టరు ఖాళీగానే ఉంది.”

“నేను ఖాళీగా లేను” అంది అమ్మమ్మ.

ఆపిల్ పై కోస్తున్న మేరెన్‌కు నవ్వాగలేదు. బల్లకు అవతల కూర్చున్న ఆమె భర్త వేడ్ మాత్రం నవ్వలేదు. అతను కిటికీలోంచి షెడ్డు వైపు చూస్తున్నాడు. షెడ్డులో లైల్ తాతయ్య పాత పికప్ ఉంది. లేత ఆకుపచ్చ రంగు, ఒకటే పొడుగు సీటు, ఎక్కడానికి మెట్టు కూడా అక్కర్లేనంత పొట్టి. పెళ్లిలో అమ్మమ్మ దాని తాళంచెవి మేరెన్ చేతిలో పెట్టి, “మీ తాతయ్య ఉంటే ఇంత తేలిగ్గా ఇచ్చేవాడు కాదు, నేను గనక ఇస్తున్నాను” అంది. పెళ్లయి ఇంకా ఏడాది తిరగలేదు. ‘మా ఆయన’ అనే మాట పలికినప్పుడల్లా మేరెన్‌కు నోట్లో పంచదార వేసుకున్నట్టుంటుంది. అందుకే అవసరం లేని చోట కూడా అంటూ ఉంటుంది.

మాటల్లో నవ్వులున్నా, విషయం నవ్వేది కాదు. మే నెలాఖరున అందరూ తమవాళ్ల సమాధుల మీద పూలు పెట్టే రోజు వస్తుంది. తాతయ్య ఉన్నది బీడు చివర గుట్ట మీద. ఇల్లు దాటగానే కంకర రోడ్డు, ముడతల రేకు పరిచినట్టుంటుంది. అది అయ్యాక గడ్డి మధ్య రెండు చక్రాల జాడ, అంతా ఇసుకే. మామూలు కార్లు అక్కడ ఇరుసుదాకా దిగబడతాయి. కిందటేడు చలికాలంలో కోళ్ల గూటి దగ్గర మంచు మీద జారిపడి అమ్మమ్మ వెన్నుపూస చిట్లింది. ఇల్లంతా తిరుగుతుంది, వంట చేస్తుంది, కుదుపు మాత్రం పడదు. పోయిన ఏడు మామయ్య ఆమెను ఈ పాత బండిలోనే తీసుకెళ్లాడు. సగం దారిలో నొప్పికి తాళలేక ఆపించింది. పూల డబ్బాలు మేరెన్ చేతికిచ్చి, “నువ్వు పెట్టిరా తల్లీ, ఎర్రవి మీ తాతయ్యకి” అని వెనక్కి వెళ్లిపోయింది. మేరెన్ ఒక్కతే నడిచి గుట్ట ఎక్కింది.

ఈసారి ఈస్టరు భోజనం దగ్గరే చెప్పేసింది. “ఈ ఏడు నా చేత్తో నేనే పెడతాను.” ఎలాగన్నది చెప్పలేదు.

వేడ్ పెట్టుకున్నది ఆ ‘ఎలా’ పనే. అతనికి కౌంటీలో రోడ్లు సాపు చేసే యంత్రం నడిపే ఉద్యోగం. డ్వెయిన్ మామయ్యకు ఎగతాళికి అంతకంటే మంచి సందు ఏం దొరుకుతుంది?

“రోడ్డు సాపు చెయ్యాల్సింది నువ్వే, చెయ్యనందుకు బండికి స్ప్రింగులు మార్చేదీ నువ్వే. ఇదేం ఉద్యోగమయ్యా అల్లుడూ?”

“ముడతలు నా వల్ల రాలేదు మామయ్యా. నువ్వు నీ కొత్త బండి తోలే స్పీడుకి వచ్చాయి.”

“అబ్బో, మాటలకి మాత్రం కుదుపు లేదు” అన్నాడు మామయ్య, ఇంకో ముక్క ఆపిల్ పై లాక్కుంటూ.

శనివారం పొద్దున్నే పని మొదలైంది. బండిని జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలు వేలాడేసి, వెనక స్ప్రింగులు, అంటే ఇనప పట్టీలు పేర్చిన కమాను కట్టలు, ఊడదీశాడు వేడ్. మేరెన్ లైటు పట్టుకుంది. కట్ట కిందికి దిగాక చూస్తే ఉండాల్సిన వాటికంటే పట్టీలు ఎక్కువున్నాయి. అడుగున రెండు, మందంగా, వేరే ఇనుము.

అమ్మమ్మ వంటింటి కుర్చీ ఒకటి షెడ్డులో వేయించుకుని కూర్చుంది. ఆ పట్టీలు చూడగానే గుర్తుపట్టింది.

“అవి ఆయనవే. ఒక వేసవిలో గాలి పడిపోయింది. గాలిమరలు తిరగవు, తొట్లలో నీళ్లు లేవు, దూరం బీడులో గొడ్లు అరుస్తున్నాయి. పెద్ద ట్యాంకు ఎక్కించి రోజూ నీళ్లు తోలాడు. బరువుకి బండి నేలకంటుకుంటోందని ఆ రెండూ వేశాడు. శీతాకాలం రాగానే తీసేస్తానన్నాడు.”

“మరి తియ్యలేదేం?” అంది మేరెన్.

“శీతాకాలం వచ్చాక, వచ్చే వేసవికి పనికొస్తాయన్నాడు. అట్లా ఎన్ని శీతాకాలాలు పోయాయో. నేను మాత్రం నా వెనక ఇంకా ఆ ట్యాంకు ఉన్నట్టే ఎగురుతూ కూర్చున్నాను.”

వేడ్ ఆ రెండు పట్టీలు చేతిలో పట్టుకుని తటపటాయించాడు. “తీసెయ్యమంటారా అమ్మమ్మగారూ?”

“తీసెయ్ నాయనా. ఆయన చేస్తానన్న పనేగా.”

అలా అంది గానీ, వేడ్ వాటిని నూనెగుడ్డతో తుడిచి గోడ మేకుకు తగిలించేదాకా వాటి మీదనుంచి చూపు తిప్పలేదు.

పాత వాటి చోట మెత్తటి కొత్త కట్టలు వచ్చాయి. వాటి చివర్లలో బోల్టు చుట్టూ కూర్చునే కొత్త రబ్బరు బుష్‌లు, నాలుగు చక్రాలకూ కొత్త షాక్ అబ్జార్బర్లు, మలుపుల్లో బండి ఒరగకుండా అడ్డంగా ఒక కడ్డీ. స్టీరింగుకు కొత్త కీళ్లు. ఆ స్టీరింగు పావు చుట్టు తిప్పితే గానీ చక్రాలకు వార్త అందేది కాదు. చిన్నప్పుడు మేరెన్ అడిగితే, “ఆలోచించుకోనీ పాపం, పెద్దది కదా” అనేవాడు తాతయ్య. అది గుర్తొచ్చి ఆమె బండి కిందే నవ్వింది. వేడ్ ఎందుకని అడిగాడు. చెప్పింది. బండి కింద ఇద్దరూ పక్కపక్కనే వెల్లకిలా పడుకుని, ముక్కుల మీద గ్రీజుతో, ఉన్న చోటు మరిచిపోయి నవ్వుకున్నారు. ఇంతలో భోజనానికి పిలుపు వచ్చింది.

“అన్నీ బిగించేసి పోదాం. నాకు ఆకలి” అంది మేరెన్.

వేడ్ బోల్టులన్నీ గట్టిగా, ఒకటికి రెండుసార్లు బిగించాడు. తరవాత బండిని నేలకు దించారు.

ఆదివారం చర్చి అయ్యాక అమ్మమ్మను ఎక్కించారు. వెనక భాగం కాస్త ఎత్తుగా, కోడి తోకలా లేచి ఉందని మేరెన్‌కు అనిపించింది గానీ, కొత్తది కదా, అణుగుతుందిలే అనుకుంది. కంకర రోడ్డు ఎక్కగానే తెలిసిపోయింది. స్టీరింగు చెప్పినట్టు వింటోంది, మలుపులో బండి ఒరగడం లేదు. కానీ ప్రతి ముడతా సూటిగా సీట్లోకి వస్తోంది. అమ్మమ్మ మాట్లాడటం మానేసింది. ఒక చెయ్యి డాష్‌బోర్డు మీదికి వెళ్లింది. పెదవులు పాలిపోయాయి.

“బాగుంది నాయనా, చాలా బాగా చేశావు” అంది. కాసేపటికి, “ఇంక ఇంటికి పోదామా?” అంది.

ఇంట్లో మేరెన్ దిండు సర్దుతుంటే అమ్మమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. “ఈసారి కూడా నువ్వే పెట్టు తల్లీ. పిల్లాడికి ఇప్పుడే చెప్పకు, మనసు కష్టపెట్టుకుంటాడు.”

పిల్లాడు అప్పటికే షెడ్డు గుమ్మంలో చతికిలబడి బండి వంక చూస్తున్నాడు. “మెత్తటివే వేశాను మేరెన్. నా చేతులతో వేశాను. ఎందుకింత బిర్రుగా ఉందో నాకర్థం కావట్లేదు.” ఆమె పక్కన కూర్చుని అతని చేతిలో చెయ్యి వేసింది.

సోమవారం తను పనిచేసే బడి వదిలాక మేరెన్ దూడల్ని మళ్లించడానికి ముసలి గుర్రం పెన్నీకి జీను వేసింది. పొట్ట కింద పట్టీ లాగబోతే పెన్నీ ఎప్పటిలాగే ఛాతీ నిండా గాలి పీల్చి బిగబట్టింది. ఆ పొట్ట మీద పట్టీ ఎంత బిగించినా లాభం లేదు. గుర్రం గాలి వదిలాక కొలత మారిపోతుంది. నాలుగడుగులు నడిపించి, మామూలుగా ఊపిరి తీసుకోనిచ్చి, అప్పుడు మళ్లీ బిగించాలి. ఈ సంగతి నేర్పింది అమ్మమ్మే. నేర్చుకోక ముందు మేరెన్ జీనుతో సహా పక్కకు జారి ముళ్లగడ్డిలో పడింది.

పెన్నీని నాలుగడుగులు నడిపించి ఆగిపోయింది. పగ్గం కంచెకు కట్టేసి షెడ్డుకు పరిగెత్తింది.

“వేడ్, మనం బోల్టులు బిగించినప్పుడు చక్రాలు ఎక్కడున్నాయి?”

“గాల్లో. స్టాండ్ల మీద కదా ఉంది బండి.”

“మరి అది గాలి బిగబట్టినప్పుడు పట్టీ లాగేశాం కదా మనం.”

వేడ్ ఆమె వంక చూశాడు. బండి వంక చూశాడు. వంగి వెనక చక్రం పక్కనుంచి బుష్ వంక చూశాడు. చక్రం వేలాడుతున్నప్పుడు కమాను ఒక తీరున ఉంటుంది, బండి బరువు పడ్డాక ఇంకో తీరున ఉంటుంది. రబ్బరును మొదటి తీరులోనే బోల్టు కరిచిపట్టేసింది. అందుకే నేల మీద నిలబడ్డ క్షణం నుంచీ అది మెలి తిరిగే ఉంది, బండిని పైకి తంతూనే ఉంది.

“ఈ సంగతి నాకు తెలుసు మేరెన్. రోడ్డు యంత్రాలకి ఎన్నిసార్లు చేశానో. బరువు మీదే బిగించాలి.” తల పట్టుకున్నాడు. “భోజనానికి పిలిచేసరికి మరిచిపోయాను.”

“నేనే తొందరపెట్టాను.”

“నువ్వు నవ్వించావు కూడా. సగం తప్పు దానిది.”

షెడ్డులో తాతయ్య తవ్వించిన గొయ్యి ఒకటుంది, కింద దిగి నూనె మార్చడానికి. దాని మీదికి బండి తెస్తే చక్రాలు నేల మీదే ఉంటాయి, మనిషి కిందనుంచి పని చెయ్యొచ్చు. మర్నాడు సాయంత్రం వేడ్ బండిని బయటికి తీసేసరికి అమ్మమ్మ కోటు వేసుకుని వాకిట్లో నిలబడి ఉంది.

“బరువు మీద బిగిస్తావట. మోసేది నన్నే అయితే నా బరువూ ఉండాలిగా. తలుపు తియ్యి.”

అలా అమ్మమ్మ, మేరెన్ సీట్లో కూర్చుంటే, బండి మెల్లగా గొయ్యి మీదికి వచ్చింది. వేడ్ కిందికి దిగి బోల్టులు ఒక్కొక్కటే వదులు చేశాడు. మూడోదో నాలుగోదో వదలగానే బండి చిన్నగా మూలిగి వెనక భాగం కిందికి దిగింది.

“ఊపిరి వదిలింది” అంది అమ్మమ్మ.

డ్వెయిన్ మామయ్య వెనక బంపరు మీద నిలబడి బండిని అణిచి అణిచి ఊపాడు, రబ్బరు తన చోటు తాను వెతుక్కోవాలని.

“మెల్లగారా, లోపల నేనున్నాను.”

“నిన్నే జోకొడుతున్నా పెద్దమ్మా.”

ఎక్కడికీ పోని బండిలో ముందు అద్దం వైపు చూస్తూ అమ్మమ్మ మాటల్లో పడింది. “ఇది కొన్న రోజున నన్ను బీడు చివరికి తీసుకెళ్లాడు. బిస్కట్లు, ఒక సార్డీన్ డబ్బా. ఇంజను ఆపేసి గడ్డి ఊగుతుంటే చూస్తూ కూర్చున్నాం. ఏం మాట్లాడలేదు. నేను తలుపు పక్కన కూర్చుంటే ఒప్పుకునేవాడు కాదు, మధ్యలోనే కూర్చోవాలి. గేరు వేసినప్పుడల్లా నా మోకాలికి తగిలేది. పొరపాటున అనుకునేదాన్ని. తరవాత చూస్తే, అవసరం లేని చోట కూడా గేరు మార్చేవాడు.”

“వింటున్నాను అమ్మమ్మగారూ” అన్నాడు వేడ్ కిందనుంచి.

“విను నాయనా. పనికొస్తుంది.”

మేరెన్‌కు చెవులు ఎర్రబడ్డాయి. కింద బోల్టులు తిరిగి బిగిస్తున్న స్పానరు ఒక క్షణం ఆగి, మళ్లీ తిరగడం మొదలెట్టింది.

పూల రోజు పొద్దున పియొనీ పూలు కోసి, చీమలు రాలేలా దులిపి, కాఫీ డబ్బాల్లో పెట్టారు. మేరెన్ మధ్యలో, అమ్మమ్మ తలుపు పక్కన. కంకర రోడ్డు వచ్చింది. టైర్ల కింద ఆ గరగర అంతా వినిపిస్తూనే ఉంది, ఒంటిదాకా మాత్రం రావడం లేదు. పక్కింట్లో ఎవరో రుబ్బుతుంటే విన్నట్టుంది. మేరెన్ రోడ్డు చూడలేదు, అమ్మమ్మ చేతినే చూసింది. ఆ చెయ్యి డాష్‌బోర్డు మీదికి వెళ్లింది. చెయ్యి అక్కడ ఆగకుండా పైకి లేచి కిటికీ బయటికి చూపించింది.

“అదిగో, ఆ లోయలోనే మీ అమ్మ మొదటిసారి బండి తోలి ఇసుకలో దించేసింది. మీ తాతయ్య ఒక్క మాట అన్లేదు. పార ఇచ్చాడు.”

తరవాత ఆమె ఆగలేదు. ఏ గాలిమరను ఎవరు నిలబెట్టారు, ఏ మంచుతుఫానులో ఎన్ని దూడలు ఈ గుట్ట వెనక దాక్కున్నాయి, గుట్ట మొదలుదాకా చెబుతూనే ఉంది. వేడ్ గేరు మార్చాడు. అక్కడ మార్చాల్సిన అవసరం లేదు. మేరెన్ మోకాలు పక్కకు తీసుకోలేదు.

గుట్ట మీద అమ్మమ్మ తనంతట తానే దిగింది. ఎర్ర పూల డబ్బా తీసుకుంది. “మీరిద్దరూ కాసేపు అటు పోయి గడ్డి ఎలా ఉందో చూడండి” అంది.

వాళ్లు కంచెదాకా వెళ్లి గడ్డి చూశారు. గడ్డి బాగానే ఉంది. వెనక అమ్మమ్మ మాట్లాడటం తెలుస్తోంది, మాటలు మాత్రం గాలి అటు పట్టుకుపోతోంది. ఒకసారి నవ్వు వినిపించింది. వేడ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో అతనికే తెలిసినట్టు లేదు.

తిరుగు దారిలో ఇసుక జాడ దాటి కంకర మొదలైన చోట మేరెన్ భుజం మీద బరువు పడింది. తిరిగి చూస్తే అమ్మమ్మ తల. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ముడతల మీద బండి పోతోంది, ఆమె నిద్రపోతోంది.

“వేడ్” అంది మేరెన్, ఊపిరితో.

అతను చూశాడు. చూసి రోడ్డు వైపు తిరిగాడు, కళ్లు గబగబా ఆర్పుకుంటూ. ఇంటి మలుపు ముందు కనిపిస్తోంది. చేరువైంది. బండి వేగం తగ్గలేదు, స్టీరింగు తిరగలేదు. మలుపు పక్కనుంచి వెళ్లిపోయింది.

“ఎక్కడికి?” అంది ఆమె.

“ఎక్కడికీ లేదు” అన్నాడు అతను మెల్లగా. “పడుకోనీ.”