గూడుకారు

జగన్నాధం పొద్దున్నే పాలిచ్చే గేదెను తోలుకుని వెళ్లి, సాయంత్రం కారుతో తిరిగొచ్చాడు. కారు తనంతట తాను రాలేదు. అడిగి తెచ్చిన ఎడ్లు లాక్కొచ్చాయి. వీధిలో జనమంతా అరుగులు దిగి చూస్తూంటే, జగన్నాధం తల్లి సుభద్రమ్మ మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలకుండా అడిగింది.

"ఒరే, గేదేదిరా?"

"ఇచ్చేసినానమ్మా. దానికి మారుగా ఇది."

"పూటకెన్ని సేర్లిస్తాది?"

జగన్నాధం ఎడ్లని విప్పసాగాడు. తల్లికీ కూతురికీ ఏనాడూ కాదనలేని మనిషి అతను. ఆ గుణం వల్లే గేదె పోయింది, కారు వచ్చింది.

కూతురు తాయారుకి పద్నాలుగేళ్లు. ఎంత సిగ్గరి అంటే, ఇంటికి చుట్టాలొస్తే గాదె వెనక దూరి, వాళ్లు వెళ్లాకే బయటికొచ్చేది. బళ్లో మేష్టారు ప్రశ్న అడిగితే జవాబు పలక మీద రాసి చూపించేది. అలా రాసి రాసి ఎనిమిదో తరగతిలో మొదటి మార్కు తెచ్చుకుంది. ఊళ్లో బడి అక్కడితో సరి. తొమ్మిదో తరగతికి నాలుగు మైళ్ల దూరంలో రాజాం వెళ్లాలి. మేష్టారు తనే పూనుకుని, తాయారుకీ, ఆమెతో పాసైన కూర్మమ్మకీ, అమ్మడుకీ, ముగ్గురికీ రాజాం హైస్కూల్లో పేర్లు రాయించారు. సుభద్రమ్మ ఒక్క మాటతో ఆ ముగ్గురినీ ఆపేసింది.

"మా ఇంటి ఆడపిల్ల పనీ పాటా నేకుండా రోడ్డమ్మట నడిసి ఎల్దు. బండి కట్టండి, ఎల్తాది."

బండి కడదామంటే జూన్ నెల. ఎడ్లు దుక్కిలో ఉన్నాయి. బస్సంటే ఊరూ పేరూ తెలియని వాళ్ల పక్కన కూర్చోవాలి, అదీ కుదరదు. పెద్దింటి పిల్లే వెళ్లనప్పుడు మన పిల్లలకెందుకని కూర్మమ్మ తల్లీ, అమ్మడు తల్లీ కూడా ఊరుకున్నారు. బడి తెరిచారు. పది రోజులు వరసగా రాకపోతే పేరు కొట్టేస్తారని మేష్టారు కబురు చెప్పి వెళ్లారు. తాయారు తలుపు వెనక బొగ్గుతో రోజుకో గీత గీసుకుంటూ వచ్చింది. కారు వచ్చిన రోజుకి మూడు గీతలయ్యాయి.

ఆ కారు పక్క ఊళ్లో పాత దివాణం గడ్డిసాలలో ఇరవై ఏళ్లుగా పడి ఉంది. ఒకప్పుడు పందేల్లో పరిగెత్తేదట. పొడుగు ముక్కు, పొట్టి తోక, ఇద్దరికే చోటు. పైకప్పు గుడ్డది, కావాలంటే వెనక్కి మడత పెట్టుకోవచ్చు. ఇప్పుడు మడతపెట్టే శ్రమ లేదు. గుడ్డంతా ఎలకలు తినేశాయి, ఇనప ఊచలు మిగిలాయి. ఎడమ సీట్లో ఒక నల్లకోడి పదకొండు గుడ్ల మీద పొదుగుతూ కూర్చుని ఉంది. గేదెకు సరితూగడానికి కోడిని కూడా ఇచ్చేశామన్నారట దివాణం వాళ్లు.

జగన్నాధం కోడిని ఎత్తబోతే సుభద్రమ్మ అరుగు మీంచే కేకేసింది. "పొదిగే కోడిని కదపకురా, పాపం సుట్టుకుంతాది! ముందా పిల్లలు దిగనీ."

దాంతో కారులో ఒక సీటు కోడికి ఖాయమైపోయింది.

మరమ్మతు పని తాయారు మేనమామ అప్పలసూరి మీద పడింది. అదే ఊళ్లో ఉంటూ రోజూ సైకిలు మీద రాజాం వెళ్లి రైసుమిల్లులో ఇంజను నడుపుతాడు. అతనికి తెలిసిన ఇంజను ప్రపంచంలో అదొక్కటే. కారు మూత ఎత్తి చాలాసేపు చూసి, "ఏటీ నేదు బావా. మన మిల్లింజనే, కాపోతే సిక్కిపోయినాది" అని తేల్చాడు.

మిల్లు పద్ధతిలోనే బాగుచేశాడు కూడా. పెట్రోలు బదులు కిరసనాయిలు పోశాడు. మిల్లు బెల్టులో పీలిక కోసి బిగించాడు. పొగగొట్టం కిందుగా వెనక్కి ఉండడం అతనికి నచ్చలేదు. పొగ పైకే పోవాలని, మూతలోంచి నిలువుగా ఒక గొట్టం పైకి తీసి, దాని చివర డబ్బా బోర్లించాడు. ఆ కొలతకి టైర్లు ఎక్కడా దొరకలేదు. ఉన్న చిరుగు టైర్లలోనే వరిగడ్డి తాళ్లు పేని కుక్కాడు.

తాయారుకి చోటు ముందు లేదు కాబట్టి వెనక డిక్కీ మూత మీద పీట బిగించారు. కానీ పీట మీద కూర్చుంటే పిల్ల ఊరందరికీ కనిపిస్తుంది. సుభద్రమ్మ మేదర అసిరయ్యను పిలిపించింది.

"దీనికో గూడు కట్టాల, అసిరయ్యా. లోపల పిల్లున్నట్టు దేవుడికి కూడా తెలకూడదు."

అసిరయ్య నలభై ఏళ్లుగా ఎడ్లబళ్లకి వెదురు గూళ్లు కడుతున్నాడు. కొలత టేపు ముట్టుకోలేదు. మూడు రోజుల్లో ఎడ్లబండికి సరిపడే గూడు కట్టి తెచ్చి కారు మీద దించాడు. కారు ముప్పాతిక వంతు మాయమైపోయింది. తొండ మీద గంప బోర్లించినట్టుంది.

"పెద్దదైపోనాది కదరా!" అన్నాడు అప్పలసూరి.

"నా గూడు సరిగ్గానే ఉన్నాది బాబూ. మీ బండే సిన్నది" అన్నాడు అసిరయ్య.

హారను ఎప్పుడో పోయింది. చప్పుడు లేకుండా వచ్చే బండి దొంగబండి అని సుభద్రమ్మ ఎడ్ల మెడలో కట్టే గంటల పట్టెడలు తెప్పించి ముందు దీపాలకి కట్టించింది. గూటి వెనక తన పాత చీర పరదాగా వేలాడదీసింది. గూటికి తలుపులకేసే నీలం రంగు పూశారు. అప్పటికి తలుపు వెనక తొమ్మిది గీతలు.

పదో రోజు పొద్దున్న ఊరంతా వచ్చింది. తాయారు పుస్తకాల సంచి గుండెకు హత్తుకుని, తల వంచుకుని గూట్లోకి దూరి పరదా లాక్కుంది. అప్పలసూరి స్టీరింగు పట్టుకుని కూర్చుని, పక్కనున్న కోడికి ఒక నమస్కారం పెట్టాడు. పదిమంది తోశారు. డబ్బా మూత ఎగిరెగిరి పడింది, నల్లటి పొగ వచ్చింది, కారు టుక్కు టుక్కుమంటూ వీధి మొగ దాకా పరిగెత్తి ఆగిపోయింది.

"ఇంకొక్క తోపు! రగులుకున్నాది, ఇంకొక్క తోపు తొయ్యండి!" అని అరిచాడు అప్పలసూరి.

తోశారు. టుక్కుమంది, ఆగింది. మళ్లీ తోశారు. ఒక్క తోపులోనే ఉందనిపిస్తూ కారు ఊరు దాటింది, చెరుకు తోట దాటింది. తోసేవాళ్లలో ఒకడు దుక్కి ఉందని పొలం గట్టెక్కిపోయాడు. ఇంకొకడు పశువుల్ని విప్పాలన్నాడు. రెండో మైలుకి మగవాళ్లంతా ఎవరి పొలాల్లోకి వాళ్లు జారుకున్నారు. గూట్లో ఉన్న తాయారుకి కనబడకపోయినా వెనక రొప్పు మాత్రం వినబడుతూనే ఉంది. అది ఎవరి రొప్పో ఆమెకు తెలుసు. ఒకటో తరగతి నుంచీ ఆటల్లో విన్నదే.

పరదా సందులోంచి చూసింది. ఊళ్లోంచి తోసుకొచ్చిన వాళ్లలో కూర్మమ్మా, అమ్మడూ ఇద్దరే మిగిలి తోస్తున్నారు.

"దిగవే మహారాణీ! ఇనప్పెట్టిలాగున్నావు" అంది కూర్మమ్మ.

"ఆ కోణ్ణి దించితే తేలిక్కాదేటే?" అంది అమ్మడు.

"కోడి బరువెంత? బరువంతా దీని సిగ్గుదే!"

తాయారుకి చెవులు వేడెక్కాయి. ముందు గెడ్డ వాగు, అది దాటితే ఎత్తు. ఇద్దరి వల్ల అయ్యేది కాదు. బడి గంట కొట్టే వేళ దగ్గర పడుతోంది. ఇవాళ పేరు పిలిచినప్పుడు లేకపోతే ఇక ఆ పేరు పిలవరు. ఆమె సంచి పీట మీద పెట్టి, రోడ్డుకి అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని దిగింది. ఇద్దరి మధ్యా చోటు చూసుకుని భుజం ఆనించింది.

ముందు నుంచి అప్పలసూరి కేక వినబడింది. "బలే! ఇప్పుడు రగులుకున్నాది! ఇంకొక్క తోపు!"

పట్టెడలు గలగలలాడించుకుంటూ కారు బడి గేటు ముందు ఆగేసరికి కిటికీలన్నింటి నిండా తలలే. ఆ తలలు చూసి తాయారు మళ్లీ గూట్లోకి దూరబోయింది. కూర్మమ్మ జడ పట్టుకుని ఆపింది. లోపల హైస్కూలు మేష్టారు హాజరుపట్టీ తెరిచి, పేరు కొట్టేయడానికి ఎర్రసిరా కలం తీసి పట్టుకుని, ఆఖరిసారి పిలిచారు. కూర్మమ్మ పలికింది. అమ్మడు పలికింది. తాయారు పలకలేక, నూనె మరకల చెయ్యి పైకెత్తింది. ఆ చెయ్యి చూసి మేష్టారు ఎర్రకలం కింద పెట్టారు.

సాయంత్రం అదే వరసలో తోసుకుంటూ వచ్చారు. సుభద్రమ్మ అరుగు మీద కాచుక్కూర్చుంది. మనవరాలి పాదాల దుమ్ము చూసింది.

"ఏటే, రోడ్డమ్మట నడిసేవా?"

తాయారు అబద్ధం చెప్పలేదు. చెప్పడానికి కావలసినంత గొంతు ఆమెకు ఎప్పుడూ లేదు. "కారు తోసేను మామ్మా" అంది నేల చూస్తూ.

సుభద్రమ్మ ఆలోచనలో పడింది. ఆవిడ కాపురానికొచ్చిన నాటి నుంచీ ఊడ్పులకి వెళ్లింది, కోతలకి వెళ్లింది, నెత్తి మీద తట్టలు మోసింది.

"తోసినోల్లు నడిసినట్టు కాదు" అందావిడ చివరికి. "అది పని. పనిమీదెల్లే ఆడదాన్ని ఎవుడేటంతాడు?"

ఆ తీర్పు విని కూర్మమ్మ తల్లీ, అమ్మడు తల్లీ కూడా సరేనన్నారు. పిల్లలు ఊరికే రోడ్డెక్కడం లేదు, పెద్దింటి కారు పనికి వెళ్తున్నారు.

అప్పటి నుంచి అదే బండి, అదే కొలువు. పొద్దున్నే ముగ్గురూ తోసేవారు. అప్పలసూరి స్టీరింగు పట్టుకుని ఇంకొక్క తోపని అరిచేవాడు. తన సైకిలు గూటి మీద కట్టించుకునేవాడు, పెద్దమనిషి కారులో వెళ్తూ సైకిలు తొక్కకూడదు కదా. సైకిలు మీద అరగంటలో చేరే మిల్లుకి ఇప్పుడు గంటన్నర పట్టేది. కోడి పిల్లల్ని దించి, వాటిని పెరట్లో వదిలేసి, మళ్లీ అదే సీట్లో రెండో విడత గుడ్లు పెట్టింది.

ఇలా రెండు నెలలు గడిచాక ఒక ఆదివారం అప్పలసూరి విజయనగరం వెళ్లి, తువ్వాల్లో ఏదో చుట్టి తెచ్చాడు. కార్బరేటరట. రోజంతా కారు కింద పడుకుని బిగించాడు. సోమవారం పొద్దున్న పిల్లలు వచ్చి భుజాలు ఆనించబోతే, "ఆగండి, ఆగండి! ముట్టుకోకండి!" అంటూ ముందుకెళ్లి మర తిప్పాడు. ఇంజను కుట్టుమిషను లాగా మెత్తగా మోగింది. డబ్బా మూత ఎగరనైనా ఎగరలేదు.

జగన్నాధం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "గేదె కరీదు నిలబడ్డాదిరా!" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు, ఇద్దరు తప్ప. కూర్మమ్మా, అమ్మడూ పుస్తకాలు పట్టుకుని కొంచెం వెనక్కి జరిగారు. గూట్లో పీట ఒక్కరికే. మరొకరు ఎక్కితే టైర్లలో గడ్డి అణిగిపోయి కారు పొట్ట నేలకి తగిలేది, ఒకసారి చూశారు. ముందు సీటు కోడిది.

"ఇంక తోసే పని నేదు గదా, రండే. పేడకళ్లు ఎత్తాల" అని కూర్మమ్మ తల్లి కూతురి చెయ్యి పట్టుకుంది. అమ్మడు అప్పటికే ఇంటి వైపు తిరిగింది.

అప్పుడు గూట్లోంచి ఒక గొంతు వినిపించింది.

"మావా, ఇంజను తీసెయ్."

ఆ గొంతు ఎవరిదోనని అసిరయ్య చుట్టూ చూశాడు. అప్పలసూరి కోడి వైపు చూశాడు. పరదా పక్కకి జరిగి తాయారు తల బయటికొచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏటన్నావే కోడలా?"

"ఇంజను తీసెయ్ మావా."

"నీకేటైనా పట్టిందేటే? కారులోంచి ఇంజను తీసేస్తే ఇంకేటుంతాదే?"

"కారుంతాది" అంది తాయారు. "ఇంజనుంటే నానొక్కద్దాన్నే ఎల్తాను. నేకపోతే ముగ్గురం ఎల్తాం." ఆ తర్వాత, తను ఇంత మాట్లాడిందని అప్పుడే తెలిసినట్టు, పరదా లాగేసుకుంది.

అప్పలసూరి జగన్నాధాన్ని చూశాడు. జగన్నాధం తల్లిని చూశాడు. కూతురికి కాదని చెప్పలేడు, తల్లి ఏమంటుందో తెలియదు. ఇంజను మాత్రం మధ్యలో హాయిగా మోగుతోంది. సుభద్రమ్మ దాన్నే వింటోంది.

"ఒరే జగన్నాధం, మెట్టపొలంలో నుయ్యి లోతైపోనాదని ఏడుస్తన్నావు కదరా?"

"అవునమ్మా."

"దీన్నట్టుకెల్లి అక్కడ కూకోబెట్టు. గేదె పాలిచ్చినాది, ఇది నీల్లిస్తాది. పూటకెన్ని సేర్లో అప్పుడు సూద్దాం."

అప్పలసూరి ఆ రోజు మిల్లుకి వెళ్లలేదు, అన్నం తినలేదు. కానీ సాయంత్రానికి ఇంజను నూతి దగ్గర పంపుకి బిగించి, బెల్టు తగిలించి తిప్పితే, చేతిలావు ధార దబదబా పడింది. దాన్ని చూశాక ఆకలేసిందన్నాడు. తనకు తెలిసిన మిల్లింజనుకి అది నిజంగానే తమ్ముడే.

ఇంజను బరువు పోయాక కారు పొట్టా, ముక్కూ గాల్లోకి లేచాయి. తోస్తే పూలబుట్టలా కదిలేది. గెడ్డ దగ్గర పల్లం వచ్చేసరికి అందరూ ఒక్క దూకు దూకి పీట మీదా, మడ్‌గార్డుల మీదా, గూటి మీదా వేలాడేవారు. అప్పలసూరి కళ్లు మూసుకుని స్టీరింగు తిప్పేవాడు. దసరా నాటికి తోసేవాళ్లు ఏడుగురయ్యారు. పై ఊరి నుంచి కూడా నలుగురు ఆడపిల్లలు పనికి కుదిరారు మరి.

ఒకనాడు గెడ్డ దాటి ఎత్తు ఎక్కుతుంటే వెనకనుంచి వస్తున్న లారీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, నీలం గూటినీ, పట్టెడల్నీ, పైన సైకిల్నీ, సీట్లో కోడినీ వరసగా చూశాడు.

"అయ్యో పాపం, తాడుందమ్మా. రాజాం దాకా లాక్కెళ్లిపోనా?"

ఏడుగురూ హడలిపోయి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరి మధ్యలోంచి తాయారు తల వంచుకునే జవాబు చెప్పింది.

"వద్దండి. పని మీదున్నాం."

మళ్లీ భుజం ఆనించింది.