మా కొళాయి దగ్గర కరెంటు వైద్యం

మోటారు వేస్తే చాలు, మా పెరట్లో కొళాయి షాకు కొడుతుంది. పెద్ద షాకేం కాదు, చీమ కుట్టినట్టు. పలాసలో సొంతిల్లు కట్టుకుని, రెండువేల నాలుగో సంవత్సరంలో, మొహం కడుక్కోవడానికి రబ్బరు చెప్పులు వెతుక్కుంటున్నాను.

మా ఆవిడ తమ్ముడు ఎడ్వర్డ్‌ది గల్ఫులో చమురు బావుల్లోకి మోటార్లు దింపే పని. సెలవుకి వచ్చాడు కదా అని చూపించాను. బోరు దగ్గర గొంతుక్కూచుని తల కొట్టుకున్నాడు.

"బావా, ఎర్త్ వైరు దేనికి కట్టించావు?"

"బోరు గొట్టానికి."

"అది ప్లాస్టిక్కు గొట్టం! బట్టలారేసే తాడుకి కట్టినా ఒకటే."

"పచ్చ వైరేరా, మంచి కంపెనీది."

"రంగుతో ఏటి పని? మా దగ్గర ఎర్త్ సూడకుండా స్విచ్చి ముడితే ఆరోజే ఇంటికి పంపించేత్తారు. నీ మోటారులోంచి కరెంటు కారి కొళాయి ఇనప పైపులోకి ఎక్కుతంది. ఈరోజు సీమ, రేపు మనిసిని ఒదల్దు. గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గులూ ఏసి, రాగిరేకు పాతాల."

గొయ్యి అనగానే మా అమ్మ కమలకుమారి లేచొచ్చింది. ఈమధ్యే ఆవిడకి గుండెకి మాత్రలు మొదలెట్టారు. ఇంట్లో కొళాయి దగ్గరికి చెప్పుల్లేకుండా వెళ్లేది ఆవిడొక్కతే. ఎందుకో అప్పుడు తెలిసింది.

"గొయ్యీ లేదు గియ్యీ లేదు. మోకాలికి కరెంటు పెడతానని టెక్కలి డాక్టరు వారానికి రెండుసార్లు బస్సెక్కిత్తన్నాడు. అదే కరెంటు ఇంట్లోనే వత్తంటే తీయించేత్తారా?"

"అది వైద్యం కాదత్తా, సావు!"

"నువ్వేటి డాక్టరువా? నూతుల్లో మోటార్లు దింపుకునీవోడివి."

మర్నాడు పొద్దున్న పెరట్లో క్యూ. అమ్మ అందరికీ చెప్పేసింది. అందరికంటే ముందు ఎదురింటి ఈశ్వరరావు మాస్టారు, ముప్ఫై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైన మనిషి. లుంగీ తొడల దాకా ఎగ్గట్టి, ఒక చేత్తో కొళాయి, ఇంకో చేత్తో మోకాలు పట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఆయన రాసుకున్న నొప్పుల నూనె కొళాయి నిండా అంటుకుంది. దానికో తెల్ల వెంట్రుక. ఆ కొళాయి కిందే నేను పళ్లు తోముకోవాలి.

"ఎడమకాలికి సరిగ్గా అందట్లేదు బాబూ," అన్నారు ఎడ్వర్డ్‌తో. "కాస్త పెంచడం కుదరదా?"

వెంటనే వెళ్లి మోటారు ఫ్యూజు పీకేశాను. వెనకాల పక్కింటి కామాక్షిగారు గొణిగారు. "తల్లి సుఖపడితే ఓర్సుకోలేడమ్మా."

అప్పట్నుంచి అమ్మ గుండె మాత్ర మింగడం లేదు. "నా వైద్యం ఆపినోడివి, నీ మాత్రలు నాకెందుకు?" అంటుంది. ఇవాళ మూడో రోజు. మెట్లెక్కితే ఆయాసపడుతోంది. మాత్ర మింగాలంటే ఫ్యూజు పెట్టాలి. పెడితే కొళాయి పట్టుకుంటుంది. గొయ్యి తవ్వుదామంటే గునపం మంచం కింద పెట్టుకుని పైన పడుకుంది. బుధవారం ఎడ్వర్డ్ వెళ్లిపోతాడు.

చదివేవాళ్లలో మొండి తల్లులున్నవాళ్లెవరైనా ఉంటే, దయచేసి చెప్పండి. ముందు మాత్ర ఎలా మింగించాలి? మీ కాళ్లు పట్టుకుంటాను, తొందరగా రాయండి.